ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్: ముందు ఆధారా, ముందు కలెక్టర్ పత్రమా?

గుంతకల్లు నెట్‌సెంటర్
12 జూలై 2025

అందరికీ నమస్కారం. ట్రాన్స్‌జెండర్ ఐడీ కార్డుకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే పద్ధతి బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పాల. చేతిలో మూడు కేసులు ఉండాయి, మూడూ మూడు రకాలు.

ఒకటి: 24 ఏండ్ల ట్రాన్స్ మహిళ. ఎస్సీ, డిగ్రీ అయింది. పదో తరగతి మెమో నుంచి ఆధార్ దాకా అన్నిట్లో మగ పేరే. ఆపరేషన్ కాలే.

రెండు: నలభై దాటినామె, హమామ్‌లో (హిజ్రాలు గురువు కింద కలిసి ఉండే ఇల్లు) ఉంటారు. నిర్వాణం (మగ అవయవం తీసేసే ఆపరేషన్) ఎప్పుడో అయిపోయింది గానీ ఆసుపత్రి కాగితం ఒక్కటీ లేదు. ఆధార్‌లో ధర్మవరం అడ్రసు, ఏండ్లుగా ఉండేదేమో గుంతకల్లులో.

మూడు: 19 ఏండ్ల ట్రాన్స్ పురుషుడు. ఇంట్లో తెలీదు, తెలీకుండానే కావాలంటాడు.

ముందు ఆధార్ మార్చుకోని రావాల అంటారు కొందరు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకోని సర్టిఫికెట్ తేవాల అంటారు ఇంకొందరు. ట్రాన్స్‌జెండర్ అని రాయించుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పనికిరాకుండా పోతుందని మొదటి ఆమెను ఎవరో బాగా భయపెట్టినారు. ఇందులో ఏది నిజం, ఏది ఊరికే చెప్పే మాట?


సప్తగిరి సర్కిల్
12 జూలై 2025

ముందు ఆ వైద్య పరీక్ష మాట తీసి పక్కన పెట్టండి. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం కింద వచ్చిన 2020 రూల్స్‌లో నాలుగో రూలు చూడండి. మనం ఇచ్చే అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఆధారంగానే కలెక్టర్ దరఖాస్తు పరిశీలించాలి, వైద్య పరీక్ష గానీ శరీర పరీక్ష గానీ ఉండకూడదు అని ఆ 2020 రూల్స్‌లో ఉంది. మరి ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2018 డిసెంబరులో లోక్‌సభ ఆమోదించిన బిల్లులో జిల్లా స్క్రీనింగ్ కమిటీ ఒకటి ఉండేది. వైద్యాధికారి, మానసిక నిపుణుడు కూర్చుని నువ్వు ట్రాన్స్‌జెండర్‌వా కాదా అని తేల్చే ఏర్పాటు. దాని మీద దేశమంతా గొడవైంది, 2019 చట్టంలో ఆ కమిటీని ఎత్తేశారు. చట్టంలో లేకపోయినా జనం నోళ్లలో మాత్రం ఆ కమిటీ ఇంకా బతికే ఉంది.

రెండోది, వరుస. సర్టిఫికెట్ ముందు, ఆధార్ తర్వాత. ఆధార్ కేంద్రంలో పేరు, లింగం మార్చాలంటే ఏదో ఒక రుజువు చూపాలి కదా. వాళ్లు ఒప్పుకునే పత్రాల జాబితాలో 2019 చట్టం కింద ఇచ్చే ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఉన్నాయి. ఆ ఒక్క కాగితంతో పేరు, లింగం, ఫోటో మూడూ ఒకే దఫాలో అయిపోతాయి. ముందే ఆధార్‌కు పోతే పేరు మార్పు గెజిట్ ప్రకటన తెమ్మంటారు, తిరిగి తిరిగి చెప్పులరగడమే.

ఇక దరఖాస్తు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ వాళ్ల ట్రాన్స్‌జెండర్ జాతీయ పోర్టల్‌లోనే చేయాలి. 2020 నవంబరు 25న మొదలైంది. ఫీజు లేదు. ఫారం-1 అంటే దరఖాస్తు, అది పోర్టల్లోనే నింపుతాం. ఫారం-2 అఫిడవిట్. దాని నమూనా పోర్టల్లోనే ఉంటుంది, దించుకుని స్టాంప్ పేపర్ మీద టైపు చేయించి నోటరీ చేయించండి. సొంత తెలివితో ఒక్క వాక్యం కూడా కలపొద్దు. డాక్యుమెంట్ రైటర్లు అలవాటుగా ‘నేను మగవాడిగా పుట్టి ఆడదానిగా మారితిని’ అని ఏదో అల్లేస్తారు. అక్కడ కావలసింది ‘పుట్టుకతో రాసిన లింగం నా లింగ గుర్తింపుతో సరిపోదు, నన్ను నేను ట్రాన్స్‌జెండర్ వ్యక్తిగా ప్రకటించుకుంటున్నాను, ఆరో సెక్షన్ కింద గుర్తింపు పత్రం కోసం ఈ ప్రమాణం చేస్తున్నాను’ అనే అర్థం మాత్రమే. మారితిని అని రాస్తే, ఎక్కడ మారావు, ఏ ఆసుపత్రిలో అని ఆఫీసులో ప్రశ్న మొదలవుతుంది. లేని తలనొప్పి.

అసలు జాగ్రత్త పేరు దగ్గర. దరఖాస్తులో పుట్టినప్పుడు పెట్టిన పేరు, ఎంచుకున్న పేరు రెండూ రాయాలి. మొదటి ఆమె సంగతే ఉదాహరణగా చూద్దాం. మెమోలో నల్లబోతుల సురేష్, ఆధార్‌లో ఎన్ సురేష్ అని ఉందనుకోండి. పాత పేరు గడిలో మెమోలో ఉన్నట్టు పూర్తిగా రాసి, అఫిడవిట్‌లో ‘నల్లబోతుల సురేష్, ఎన్ సురేష్ అనే రెండు పేర్లూ నావే’ అని కలపాలి. సొంత వాక్యం వద్దన్నాను కదా, ఈ ఒక్కటీ మినహాయింపు. కొత్త పేరు శిరీష అయితే ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తిగానా, ఇంగ్లిషులో చివర ఒక ఏనా రెండు ఏలా, ఇవన్నీ నోటరీ దగ్గరికి పోకముందే తేల్చుకోవాలి. సర్టిఫికెట్ మీద ఎట్లా పడితే అట్లాగే పాన్‌లో, బ్యాంకులో, అన్నిట్లో పోతుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా పాన్, ఆధార్ లింకు దగ్గర తిప్పలే.

జిల్లా సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ధర్మవరం, హిందూపురం, కదిరి, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. గుంతకల్లు అనంతపురంలోనే ఉంది. చాలామంది ఆధార్‌లో ఇప్పటికీ ‘ధర్మవరం, అనంతపురం జిల్లా’ అనే ఉంటుంది. దాన్ని చూసి దరఖాస్తులో అనంతపురం అని నొక్కితే, ఇది మా పరిధి కాదని వెనక్కొస్తుంది. కర్నూలు వాళ్లకూ ఇదే తిప్పలు: డోన్, బనగానపల్లె, ఆత్మకూరు ఇప్పుడు నంద్యాల జిల్లా. మీ రెండో ఆమె మాత్రం గుంతకల్లు అడ్రసుతో అనంతపురంలోనే పెట్టొచ్చు. దరఖాస్తు నాటికి వరసగా 12 నెలలు ఆ జిల్లాలో ఉంటే చాలు, దానికి కూడా అఫిడవిట్టే రుజువు, వేరే కాగితం అడగకూడదని రూల్స్‌లోనే ఉంది. ఇంటి ఓనరు సంతకం, కరెంటు బిల్లు ఏమీ అక్కర్లేదు.

గడువు 30 రోజులు. ఆలోపు ఫారం-3 సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇవ్వాలి. పోర్టల్ నుంచే దించుకోవచ్చు. వారానికి రెండు సార్లయినా లాగిన్ అయి చూడండి. ఏదో లోపముందని వెనక్కి పంపితే మీరు సరిచేసేదాకా అది కదలదు, కలెక్టరేట్‌లో ఆగిందని మనం అనుకుంటూ ఉంటాం.

30 రోజులు దాటితే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి, 1100కు ఫోన్ చేసినా నమోదవుతుంది. దరఖాస్తు నంబరు రాసి, రూల్ ప్రకారం 30 రోజులు దాటింది అని రెండు వాక్యాలు చాలు. కష్టాలన్నీ నాలుగు పేజీలు రాసిన అర్జీ కన్నా ఈ రెండు వాక్యాలకే జవాబు తొందరగా వస్తుంది. జిల్లాలో ఈ ఫైలు చూసేది విభిన్న ప్రతిభావంతులు, ట్రాన్స్‌జెండర్లు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసు. తిరస్కరిస్తే కారణం చెప్పాలి, ఆ తేదీ నుంచి 90 రోజుల్లో అప్పీలు ఉంది.

ఎస్సీ సర్టిఫికెట్ పోతుందన్నది పచ్చి అబద్ధం. కులం కులమే, లింగం లింగమే. పేరు మారింది కాబట్టి కుల ధ్రువీకరణ కొత్త పేరుతో మళ్లీ తీసుకోవాలి, అంతే.

ఒకటి మరిచా. ఆపరేషన్ అయితే ఏడో సెక్షన్ కింద ఆడ లేదా మగ అని మార్చిన సర్టిఫికెట్ వస్తుంది. ఆపరేషన్ కాలేదంటే అది రాదు.


బురుజు నీడ
12 జూలై 2025

సప్తగిరి గారు చెప్పినదంతా సరే, ఆ చివరి మాట ఒక్కటి సవరించాలి. చాలామంది లాయర్లు కూడా అక్కడే పొరబడుతున్నారు.

చట్టంలో ఏడో సెక్షన్ శస్త్రచికిత్స అనే అంటుంది. కానీ రూల్స్‌లో ‘వైద్య జోక్యం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం వెడల్పయినది. కౌన్సెలింగ్, హార్మోన్ చికిత్స, శస్త్రచికిత్స అన్నీ అందులోకి వస్తాయి. ఆరో రూలు ఆ మాటనే వాడింది. కాబట్టి హార్మోన్ చికిత్స నడుస్తున్న మనిషి కూడా చికిత్స చేసిన ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంట్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ దగ్గర పత్రం తీసుకుని ఏడో సెక్షన్ కింద అడగొచ్చు. పత్రం సరిగా ఉంటే 15 రోజుల్లో ఫారం-4 ఇవ్వాలి. ఆఫీసులో ఆపరేషన్ పేపరేదీ అంటే ఆ నిర్వచనం ఉన్న పేజీ ప్రింటు తీసి దరఖాస్తుకు జతచేయండి. నోటితో వాదిస్తే పని కాదు.

పత్రం మీద సంతకం ఎవరిది అన్నదే ఇక్కడ కీలకం. క్లినిక్‌లో హార్మోన్లు రాసిన డాక్టరు లెటర్‌హెడ్ మీద ఇచ్చే చీటీ చెల్లదు. ఆ సంస్థలో సూపరింటెండెంట్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ హోదాలో ఉన్నవారే ఇవ్వాలి. మీ రెండో కేసులో చిక్కు ఇక్కడే. దాయమ్మ (నాటు పద్ధతిలో ఈ ఆపరేషన్ చేసే హిజ్రా) చేతనో, ఏదో ఊళ్లో గదిలోనో నిర్వాణం చేయించుకున్నవాళ్లకు డిశ్చార్జి సమ్మరీ ఉండదు, సంతకం పెట్టేవాళ్లూ ఉండరు. శరీరం మీద ఆపరేషన్ ఉంది, కాగితం మీద లేదు. ఆమెకు ఇప్పుడు ఆరో సెక్షన్ సర్టిఫికెట్ నేరుగా వచ్చేస్తుంది, అదే చేయండి. మహిళ అని కావాలంటే, ప్రభుత్వాసుపత్రిలో ఎండోక్రైనాలజీ లేదా యూరాలజీలో ఇప్పటి నుంచి చికిత్స మొదలుపెట్టించుకుని, ఆ రికార్డు మీద తర్వాత అడగడం ఒక దారి. పాత ఆపరేషన్‌కు ఇప్పుడు దొంగ కాగితం పుట్టించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు.

ఇంకొక చిక్కు ఎవరూ ముందుగా చెప్పరు. ఆధార్‌లో లింగం మార్పు మామూలుగా ఒక్కసారే. ఆరో సెక్షన్ పత్రంతో ‘ట్రాన్స్‌జెండర్’ అని మార్చేసి, రెండేళ్లకు ఏడో సెక్షన్ పత్రం వచ్చాక ‘స్త్రీ’ అని మార్చాలంటే కేంద్రంలో తీసుకోదు, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి మినహాయింపు అడగాలి. పేరుకు రెండుసార్లు అవకాశం ఉంది. కాబట్టి మొదటి ఆమె ఒకటి రెండేళ్లలో వైద్యం తీసుకునే ఆలోచనలో ఉంటే, ఇప్పుడు ఆధార్‌లో పేరు, ఫోటో మాత్రం మార్చుకుని లింగం గడి అట్లానే ఉంచడం కూడా ఒక పద్ధతే. శిరీష అనే పేరు పక్కన పురుషుడు అని ఉంటే ప్రతి కౌంటర్లో చూపు మారుతుంది, అది నిజం. ఏది భరించగలరో ఆమే తేల్చుకోవాలి, నెట్ సెంటర్‌లో మనం తేల్చేది కాదు. మార్పు ఫీజు కట్టిన రసీదు దాచుకోమనండి.

2020 జనవరి 10కి ముందే తమ కాగితాల్లో లింగం అధికారికంగా మార్పించుకున్నవాళ్లు ఉంటే వాళ్లు మళ్లీ ఈ సర్టిఫికెట్‌కు పెట్టుకోనక్కర్లేదు.


గుంతకల్లు నెట్‌సెంటర్
12 జూలై 2025

చాలా థాంక్స్ అన్నా. ఏడో సెక్షన్ సంగతి అసలు తెలీదు. మూడో అబ్బాయి గురించి కూడా చెప్పండి. ఇంటికి పోస్టు ఏమన్నా వస్తుందా? వీఆర్వో పోయి ఇంట్లో విచారిస్తాడా?


బురుజు నీడ
12 జూలై 2025

18 దాటాక అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు. దరఖాస్తు తల్లిదండ్రులో సంరక్షకులో పెట్టాల్సింది మైనర్లకే. ఇంటికి పోయి విచారించమని రూల్స్‌లో లేదు. సర్టిఫికెట్ పోర్టల్లోనే దించుకోవచ్చు. దరఖాస్తు పెట్టేటప్పుడే ఏడీ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టండి, సమాచారం ఏదైనా ఫోన్‌లోనే చెప్పండి, ఇంటికి మనిషిని పంపొద్దు అని.

నిజానికి ఇంట్లో తెలిసిపోయేది కలెక్టరేట్ వల్ల కన్నా మీ కౌంటర్ దగ్గరే ఎక్కువ. ఓటీపీ నాన్న ఫోన్‌కు పోతుంది. నెట్ సెంటర్ మెయిల్‌తో అకౌంట్ తెరుస్తారు, ఆరు నెలల తర్వాత పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. స్కాన్ చేసిన అఫిడవిట్ డెస్క్‌టాప్ మీద ‘ట్రాన్స్‌జెండర్ న్యూ’ అనే పేరుతో పడుంటుంది, పక్క కుర్చీలో హాల్ టికెట్ కోసం వచ్చిన వాళ్ల పిన్ని కొడుకు చూస్తాడు. కాబట్టి అతని సొంత నంబరు, సొంత మెయిల్. పని అయ్యాక డౌన్‌లోడ్స్, స్కానర్ ఫోల్డర్, వాట్సాప్ వెబ్, రీసైకిల్ బిన్ అన్నీ ఖాళీ చేయండి. పాడైన ప్రింటు చించి చెత్తబుట్టలో వేయొద్దు, అతని చేతికే ఇవ్వండి.

12వ సెక్షన్ కూడా అతనికి చెప్పండి. ట్రాన్స్‌జెండర్ అయినంత మాత్రాన ఇంట్లో నుంచి వెళ్లగొట్టకూడదు, ఆ ఇంట్లో ఉండే హక్కు, ఇంటి వసతులు వాడుకునే హక్కు ఉంది. బయటికి వచ్చేస్తే ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసు పెడతారు. అప్పుడు స్టేషన్‌కు పోయి ‘నా ఇష్టంతో వచ్చాను’ అని వయసు రుజువుతో వాంగ్మూలం ఇస్తే ఆ కేసు అక్కడితో ఆగాలి. ఒంటరిగా పోవద్దు. 15100 న్యాయసేవా సంస్థ నంబరు, ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.


ధర్మవరం మగ్గం
13 జూలై 2025

ఇంత వివరంగా చెప్తున్నందుకు మెచ్చుకోవాలి. కానీ ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా, కోప్పడొద్దు. పరీక్ష లేదు, డాక్టర్ లేడు, ఒక నోటరీ కాగితం ఇస్తే చాలంటే రేపు ఎవడైనా రాసిచ్చేసి ఆడపిల్లల కోటాలో దూరడా? నెలకు 4,000 పింఛను కోసం రాసివ్వడా? రైళ్లలో, కొత్త షాపుల దగ్గర చప్పట్లు కొట్టి వేలు వసూలు చేసేవాళ్లకు కూడా ఇదే కార్డా? మామూలు మనిషి భయానికి ఏ చట్టం ఉంది?


తుంగభద్ర గట్టు
13 జూలై 2025

ప్రశ్న సరైందే, మూడు ముక్కలూ వేరు వేరు. ఒకదాంతో ఒకటి కలిపితేనే తెగవు.

కోటా సంగతి. అఫిడవిట్ మీద వచ్చేది ఆరో సెక్షన్ సర్టిఫికెట్. దాని మీద ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అని ఉంటుంది, స్త్రీ అని ఉండదు. అది పట్టుకుని మహిళల రిజర్వేషన్‌లోకి ఎవరూ దూరలేరు. స్త్రీ అని రావాలంటే ఏడో సెక్షన్, దానికి ఆసుపత్రి పెద్ద సంతకం. మీరు భయపడుతున్న తలుపు అక్కడ లేనే లేదు. ట్రాన్స్‌జెండర్ సమాజం ఈ చట్టం మీద చేసే పెద్ద ఫిర్యాదు ఇదే, కాకపోతే మీది కాని వైపు నుంచి. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవా సంస్థ) వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు, మనిషి తనను ఆడ అనుకుంటే ఆడ, మగ అనుకుంటే మగ, లేదా తృతీయ లింగం, ఏదైనా తానే చెప్పుకోవచ్చు, దానికి ఆపరేషన్ షరతు పెట్టడం చట్టవిరుద్ధం అంది. ఐదేళ్లకు వచ్చిన చట్టం నాలుగో సెక్షన్‌లో ఆ హక్కు ఒప్పుకుని, ఏడో సెక్షన్‌లో వైద్యం షరతు పెట్టింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో సగం లాక్కున్నట్టయింది. అఫిడవిట్ అబద్ధమైతే అది తప్పుడు ప్రమాణం, క్రిమినల్ కేసు. పైగా 4,000 కోసం ఊళ్లో పేరు పాడు చేసుకునే మగవాడిని మన పల్లెల్లో వెతికి చూపించండి. ఆ కార్డు తీసుకున్న మర్నాడు అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు.

రిజర్వేషన్ గొడవ అసలు వేరే చోట ఉంది. నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతిగా చూసి రిజర్వేషన్ ఇమ్మంది. దాన్ని బీసీ జాబితాలో ఒక కులంలా చేర్చడం అని చదివితే ఎస్సీ ట్రాన్స్ మహిళ ఏం కావాలి? పైన మొదటి కేసు ఆమెకు ఎవరో పెట్టిన భయం పుట్టింది ఈ వాదన నుంచే. అందుకే అడ్డ రిజర్వేషన్ అడుగుతున్నారు. వికలాంగులకు ఉన్నట్టు ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ ప్రతి దాంట్లో కొంత వాటా. కర్ణాటక 2021లో ఉద్యోగాల్లో 1 శాతం అట్లాగే ఇచ్చింది. బళ్లారిలో ఉన్నది గుంతకల్లులో లేదు, మధ్య దూరం రైల్లో గంట.

వసూళ్ల సంగతి. రైల్లో అడుక్కోవడాన్ని రైల్వే చట్టం 144 నిషేధించింది, ఎవరు చేసినా. బెదిరించి లాక్కుంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 308, బలవంతపు వసూలు. దీనికి ట్రాన్స్‌జెండర్ చట్టం అడ్డు రాదు, కార్డు ఉన్నంత మాత్రాన కేసు తప్పదు. కానీ దుకాణం పూజకు వచ్చి దీవించి అడిగినంత ఇస్తే పోయేవాళ్లను, రైల్లో చొక్కా పట్టుకునేవాళ్లను ఒకే గాటన కట్టొద్దు. 2018 బిల్లులో ట్రాన్స్‌జెండర్లను భిక్షాటనకు పురిగొల్పడం నేరం అని ఒక క్లాజు ఉండేది. గురువు మీద చేలా (శిష్యురాలు) మీద పోలీసులు వాడే కర్ర అవుతుందని గొడవ చేశాక 2019లో తీసేశారు. ఉద్యోగం ఇవ్వకుండా భిక్షను మాత్రం నేరం చేస్తే తినేదేముంది అన్నది వాళ్ల వాదన. నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది.


ధర్మవరం మగ్గం
13 జూలై 2025

కోటా విషయం ఒప్పుకుంటా, ఆరో సెక్షన్ ఏడో సెక్షన్ తేడా తెలీదు. వసూళ్ల విషయంలో మాత్రం పోలీసులు రాసుకోరు, అది మీకూ తెలుసు. సరే, వాళ్ల మీద దాడి జరిగితే? పేపర్లో తరచుగా వస్తోంది.


తుంగభద్ర గట్టు
13 జూలై 2025

అక్కడే చట్టం బలహీనం. 18వ సెక్షన్: వెట్టిచాకిరీ చేయించడం, బహిరంగ స్థలంలోకి రానివ్వకపోవడం, ఇంట్లోంచి ఊళ్లోంచి వెళ్లగొట్టడం, శారీరకంగా లైంగికంగా మాటలతో హింసించడం, అన్నిటికీ కలిపి 2019 చట్టం పెట్టిన శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్లు. లైంగిక దాడికి కూడా అంతే. అదే స్త్రీ మీద అయితే కనీసం 10 ఏళ్లు. పాత ఐపీసీలో 377 (అసహజ లైంగిక చర్యల సెక్షన్) ఉండేది, ఇద్దరి ఇష్టంతో జరిగేది నేరం కాదన్న 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూడా ఇష్టం లేకుండా చేసిన దానికి వర్తించేది. 2024 జూలై 1న వచ్చిన న్యాయ సంహితలో అది పూర్తిగా లేదు. అత్యాచారం సెక్షన్‌లో బాధితురాలు ‘స్త్రీ’ మాత్రమే.

శిక్ష మూడేళ్ల లోపు కాబట్టి 18వ సెక్షన్ ఒక్కటే రాస్తే పోలీసు సొంతంగా దర్యాప్తు మొదలుపెట్టలేడు, కోర్టు అనుమతి తెమ్మంటాడు. అందుకని ఫిర్యాదులో జరిగింది జరిగినట్టు విడివిడిగా రాయాలి. ‘హిజ్రానని అవమానించి కొట్టారు’ అంటే 18తో సరిపెడతారు. ‘గదిలో పెట్టి గడియ వేశారు, రాత్రి 9 నుంచి 11 దాకా. సెల్‌ఫోన్, 3,200 నగదు లాక్కున్నారు. బీరు సీసాతో చేతి మీద కొట్టారు, నాలుగు కుట్లు పడ్డాయి’ అని రాస్తే అక్రమ నిర్బంధం, దోపిడీ, ఆయుధంతో గాయం, మూడూ పోలీసు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టాల్సినవే. 18 వాటికి తోడుగా చేర్చమనాలి. గాయాలుంటే ముందు ఆసుపత్రి, మెడికో లీగల్ నమోదు, తర్వాత స్టేషన్.

2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక మంచి మాట చెప్పింది. ట్రాన్స్ మహిళ పురుషుణ్ణి పెళ్లి చేసుకుంటే, భర్త, అత్తమామల వేధింపుల మీద 498ఎ కింద కేసు పెట్టొచ్చు, పిల్లలు కనలేదు కాబట్టి స్త్రీ కాదనే వాదన చెల్లదు అని. అయితే ఆ కేసును కొట్టేసింది, ఫిర్యాదులో నిర్దిష్టమైన ఆరోపణలు లేవని. ఫిర్యాదు ఎట్లా రాయాలి అన్నదానికి ఇంతకన్నా పాఠం ఏముంటుంది? తేదీ, సమయం, ఎవరు, ఏమన్నారు, ఎంత అడిగారు.


పెన్నొడ్డు
13 జూలై 2025

కడప నుంచి. చర్చ ఎటో పోయింది, నెట్ సెంటర్ ఆయనకు పనికొచ్చే రెండు మూడు ముక్కలు.

పింఛను: ఎన్టీఆర్ భరోసాలో ట్రాన్స్‌జెండర్లకు 18 దాటితే నెలకు 4,000, ఒకటో తారీఖున. కలెక్టర్ సర్టిఫికెట్ వచ్చిందని అదంతట అదే రాదు. సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర వేరే దరఖాస్తు, కొత్త దరఖాస్తులకు లాగిన్ తెరిచినప్పుడే. అక్కడ ఆధార్ పేరు, సర్టిఫికెట్ పేరు ఒకటిగా ఉంటే గొడవ లేదు.

వైద్యం: ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్, అంటే ట్రాన్స్‌జెండర్ల ఆరోగ్య బీమా, ఏడాదికి 5 లక్షల దాకా. జాతీయ పోర్టల్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే. ఏ ఆసుపత్రికి పోయినా బోర్డు మీద ఆయుష్మాన్ అని ఉంది కదా అని చేరొద్దు. ఈ ప్యాకేజీ మీ దగ్గర ఉందా, ముందస్తు అనుమతి ఎన్నాళ్లు పడుతుంది అని రాతపూర్వకంగా అడగండి. ఇంకోటి, మెడికల్ షాపులో ఎవరో చెప్పిన ఈస్ట్రోజెన్ మాత్రలు రెట్టింపు వేసుకోవడం మానాల. కాళ్లలో రక్తం గడ్డ కట్టేది దానివల్లే, పొగ తాగేవాళ్లకు మరీ. రక్త పరీక్షలు లేకుండా హార్మోన్ లేదు అనుకోండి.

చదువు: మొదటి ఆమె ఇంకా చదవాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ స్మైల్ పథకం కింద తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా ఏడాదికి 13,500 స్కాలర్‌షిప్ ఉంది. దానికీ ఇదే సర్టిఫికెట్.

కాగితాల వరుస: ఆధార్, పాన్, బ్యాంకు, రైస్ కార్డు, ఓటరు కార్డుకు ఫారం-8. పదో తరగతి మెమో అన్నిటికన్నా ఆలస్యం. చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా పంపాల్సి ఉంటుంది, ఒక్కోచోట బడే మూతపడి ఉంటుంది. రూల్ ప్రకారం ఏ ఆఫీసైనా దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో మార్చాలి. ఆ లెక్క మొదలవ్వాలంటే ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవాలి. నంబరు లేని దరఖాస్తు ఇచ్చినట్టే కాదు. కదలకపోతే సమాచార హక్కు కింద ‘నా ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుంది’ అని అడగండి, జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు.


గుంతకల్లు నెట్‌సెంటర్
14 జూలై 2025

అందరికీ దండాలు. ఒక్క డౌటు మిగిలింది. రెండో ఆమెకు సంతకం రాదు, వేలిముద్రే. దరఖాస్తులో సంతకం ఫోటో అడుగుతుంది. తండ్రి పేరు గడిలో ఏమో ఆమె గురువు పేరు రాయమంటాంది.


సప్తగిరి సర్కిల్
14 జూలై 2025

వేలిముద్ర తెల్ల కాగితం మీద వేయించి ఫోటో తీసి ఎక్కించండి. అఫిడవిట్ మీద కూడా వేలిముద్రే. కానీ అక్కడ ‘చదివి వినిపించగా ఒప్పుకున్నారు’ అని నోటరీ ఒక లైను రాయాలి, అడిగి రాయించండి. ఎడమ బొటనవేలు, రెండు చోట్లా అదే వేలు.

గురువు పేరు సంగతి: ఆధార్‌లో సంరక్షకులుగా ఎవరి పేరుందో ముందు చూడండి. ఓటరు కార్డులో ఇప్పటికే గురువు పేరు ఉన్నవాళ్లు ఉన్నారు. అట్లా ఏదో ఒక కాగితంలో ఉంటే అదే రాయండి, ఇబ్బంది లేదు. ఏ కాగితంలోనూ లేకపోతే కన్నతండ్రి పేరే రాయించండి, ఆమెకు ఇష్టం లేకపోయినా ఈ ఒక్కసారికి నచ్చజెప్పండి. లేకపోతే ఆధార్ దగ్గర పేరు, లింగం, తండ్రి పేరు మూడూ ఒకేసారి మారినట్టు కనపడి, అసలు ఈమె ఆమేనా అనే అనుమానంతో తిప్పి పంపుతారు. ఫోటో మాత్రం కొత్తది, చీరలో ఉన్నదే పెట్టండి. పాత ఆధార్ ఫోటో స్కాన్ చేసి పెడితే కార్డు కూడా ఆ మీసంతోనే వస్తుంది.